మనిషి పీ53ని పట్టడానికి ఏ యాంటీబాడీ? డీఓ-1 నుంచి కుందేలు క్లోన్ల దాకా

కణాలు క్యాన్సర్ వైపు వెళ్లకుండా కాపలా కాసే ప్రొటీన్ పీ53. దాని మీద పని మొదలుపెట్టిన ఏ ల్యాబులోనైనా మొదటి వారంలోనే వచ్చే ప్రశ్న ఇది: "ఏ యాంటీబాడీ తెప్పిద్దాం?" యాంటీబాడీ అంటే ఒక ప్రొటీన్‌ను వెతికి పట్టుకునే ప్రొటీన్. కేటలాగు తెరిస్తే వందల పేర్లు. ప్రతి పేరు పక్కనా వెస్టర్న్, ఐపీ, ఐహెచ్‌సీ, చిప్ అంటూ వరసగా టిక్కులు. వెస్టర్న్ అంటే ప్రొటీన్లను జెల్ మీద విడదీసి చూడటం, ఐపీ అంటే కణాల ద్రవంలోంచి ప్రొటీన్‌ను బయటికి లాగడం, ఐహెచ్‌సీ అంటే కణజాలపు ముక్క మీద రంగు వేసి చూడటం, చిప్ అంటే ప్రొటీన్ డీఎన్ఏ మీద ఎక్కడ కూర్చుందో చూడటం. ఏ కంపెనీ బొమ్మ చూసినా బ్యాండ్ (ప్రొటీన్ కనిపించే గీత) నల్లగా, ఒంటరిగా, ముచ్చటగా ఉంటుంది. సీనియర్లను అడిగితే తాము వాడినదే చెబుతారు, ఎందుకు వాడారో చెప్పరు.

తొందరలో ఉన్నవాళ్లకు జవాబు ముందే చెప్పేస్తాను. మీవి మనిషి కణాలై, చేయాల్సింది మామూలు వెస్టర్న్ బ్లాట్ అయితే డీఓ-1 అనే యాంటీబాడీ తెప్పించుకోండి. పక్క లేన్‌లో పీ53 అసలు లేని హెచ్1299 కణాల లైసేట్ (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) తప్పకుండా వేయండి. చాలామందికి ఇంతటితో పని అయిపోతుంది. కానీ ఎలుకల మీద పనిచేసేవాళ్లకు, ఎండీఎం2 అనే ఇంకో ప్రొటీన్‌తో అతుక్కున్న పీ53ని బయటికి లాగాలనుకునేవాళ్లకు, అదే ప్రొటీన్ వేరే రూపాలైన పొట్టి ఐసోఫామ్‌ల కోసం వెతికేవాళ్లకు అదే డీఓ-1 తప్పు జవాబు ఇస్తుంది. అదీ చాలా శుభ్రమైన బ్యాండ్‌తో ఇస్తుంది కాబట్టి అనుమానం కూడా రాదు.

కంపెనీ పేరు, రేటింగు, ఎన్ని పేపర్లలో వాడారు అన్న లెక్క, ఇవన్నీ తర్వాతి సంగతి. ముందు తేల్చుకోవాల్సినవి రెండు. ఆ క్లోన్ (ఒకే కణ వంశం నుంచి వచ్చే యాంటీబాడీ) ప్రొటీన్ మీద ఏ నంబరు అమైనో ఆమ్లం దగ్గర పట్టుకుంటుంది? మీ ప్రయోగంలో ఆ సమయానికి ప్రొటీన్ ఏ ఆకారంలో ఉంటుంది?

393 అమైనో ఆమ్లాల మ్యాప్

మనిషి పీ53లో 393 అమైనో ఆమ్లాలు ఉంటాయి. దాని జన్యువు టీపీ53 పదిహేడో క్రోమోజోము పొట్టి చేయి మీద ఉంది. మొదటి అరవై చిల్లర అమైనో ఆమ్లాలు ట్రాన్స్‌క్రిప్షన్‌ను నడిపించే భాగం. వాటి తర్వాత ప్రోలిన్లు ఎక్కువగా ఉన్న ముక్క. సుమారు 100 నుంచి 290 దాకా డీఎన్ఏను పట్టుకునే భాగం, క్యాన్సర్లలో కనిపించే మ్యూటేషన్లు ఎక్కువ భాగం ఇక్కడే. 325 నుంచి 355 దాకా నాలుగు పీ53లు జట్టు కట్టే భాగం. చివరి ముప్ఫై అమైనో ఆమ్లాలు లైసిన్లతో నిండిన తోక.

లెక్క ప్రకారం దీని బరువు 44 కిలోడాల్టన్లకు కాస్త తక్కువ. జెల్ మీద మాత్రం 53 దగ్గర పరిగెడుతుంది, పేరు అలా వచ్చిందే. ప్రోలిన్ల ముక్క వల్ల ఇలా నెమ్మదిస్తుంది. కొత్తవాళ్లు 44 దగ్గర బ్యాండ్ లేదని కంగారుపడతారు, కంగారు అక్కర్లేదు. 72వ స్థానంలో కొందరికి ఆర్జినిన్, కొందరికి ప్రోలిన్ ఉంటుంది. ప్రోలిన్ ఉన్నది కొంచెం పైన ఆగుతుంది. రెండు రకాలూ ఉన్న కణాల్లో దగ్గర దగ్గరగా రెండు గీతలు కనబడితే యాంటీబాడీని తిట్టుకోవద్దు.

ఇంకోటి ఐసోఫామ్‌లు. ఒకే జన్యువు నుంచి ముందు భాగం తెగిన పీ53లు కూడా తయారవుతాయి: 40వ అమైనో ఆమ్లం నుంచి మొదలయ్యేవి, 133 నుంచి మొదలయ్యేవి, 160 నుంచి మొదలయ్యేవి. తోక వైపు తేడా ఉన్న బీటా, గామా రకాలు వేరే. ఇప్పుడు యాంటీబాడీ డోర్ నంబరు ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. 20 దగ్గర తలుపు తట్టే క్లోన్‌కు 40 నుంచి మొదలయ్యే ఇల్లు కనిపించదు.

డీఓ-1, డీఓ-7: దాదాపు కవలలు

ఈ రెండూ ఒకే బృందం నుంచి వచ్చాయి. బోరివోయ్ వోయ్టెషెక్, డేవిడ్ లేన్, వాళ్ల సహచరులు 1992లో ప్రొటీన్ మీద ఇవి పట్టుకునే చోట్లైన ఎపిటోప్‌లను మ్యాప్ చేసి ప్రచురించారు. రెండూ ఎలుక మోనోక్లోనల్సే, అంటే ఒకే చోట పట్టుకునే ఒకే రకం యాంటీబాడీలు. యాంటీబాడీ తరగతుల్లో డీఓ-1 ఐజీజీ2ఏ రకం, డీఓ-7 ఐజీజీ2బీ రకం. రెండూ ప్రొటీన్ ముందు కొసలో 20 నుంచి 25 మధ్య ఉన్న చిన్న ముక్కనే పట్టుకుంటాయి. అది మడత మీద ఆధారపడని ఎపిటోప్. ప్రొటీన్ ఉడికించినా, డిటర్జెంటైన ఎస్‌డీఎస్‌లో విప్పేసినా, ఫార్మలిన్‌లో నానబెట్టి తర్వాత వేడి చేసినా దొరుకుతుంది. వీటికి ఇంత పేరు రావడానికి అదే కారణం.

వెస్టర్న్‌కి, చిప్‌కి డీఓ-1, పారఫిన్ సెక్షన్లకు (మైనంలో పెట్టి కోసిన కణజాలపు ముక్కలకు) డీఓ-7 అని ల్యాబుల్లో అలవాటు స్థిరపడింది. అటూ ఇటూ మార్చి వాడినా పనిచేస్తాయి గానీ, మీ పద్ధతిలో పోల్చుకోవడానికి పాత ఫలితాలు దేనితో ఎక్కువ ఉన్నాయో దాన్నే ఎంచుకుంటే సుఖం.

ఇక లోపాలు. మొదటిది, డీఓ-1 ఎలుక పీ53ని గుర్తించదు. మౌస్ ఫైబ్రోబ్లాస్టుల లైసేట్ వేసి "పీ53 లేదు" అని రాసుకుంటే అది యాంటీబాడీ చెప్పిన మాటే, కణం చెప్పింది కాదు. ఎలుకకీ మనిషికీ ఒకే క్లోన్ కావాలంటే 1సీ12 లాంటిది చూడండి. ఎలుక కణజాలానికే అయితే సీఎం5 అనే కుందేలు పాలీక్లోనల్ (చాలా చోట్ల పట్టుకునే యాంటీబాడీల మిశ్రమం) చాలాకాలంగా వాడుకలో ఉంది.

రెండోది ఎండీఎం2. పీ53ని ఎప్పటికప్పుడు కూల్చే ఈ ప్రొటీన్ 19వ ఫినైలాలనిన్, 23వ ట్రిప్టోఫాన్, 26వ లూసిన్‌లను పట్టుకుంటుంది. డీఓ-1 కూర్చునేదీ అక్కడే. ఎండీఎం2 ముందే కూర్చుని ఉంటే ఐపీలో ఆ పీ53ని డీఓ-1 లాగలేదు. ఎండీఎం2, పీ53 కలుస్తున్నాయా లేదా అని చూడటానికి డీఓ-1తో ఐపీ చేసి "కలవడం లేదు" అని తేల్చడం అంటే, జంటను విడదీసి మరీ జంట లేదనడమే. దీనికి వేరే చోట పట్టుకునే క్లోన్ కావాలి.

మూడోది చాలామంది పట్టించుకోనిది. 20వ సీరిన్ మీద ఫాస్ఫేట్ చేరితే డీఓ-1 సరిగా అతుక్కోదు. డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు సీహెచ్‌కే2 అనే కైనేజు (ఫాస్ఫేట్ అంటించే ఎంజైము) సరిగ్గా అక్కడే ఫాస్ఫేట్ పెడుతుంది. డీఎన్ఏను దెబ్బతీసే డాక్సోరూబిసిన్ మందు ఇచ్చిన కణాల్లో పీ53 నిజంగా ఎంత పెరిగిందో డీఓ-1 కాస్త తక్కువ చేసి చూపించే అవకాశం ఉంది. పెరిగిందా లేదా అన్నంత వరకే మీ ప్రశ్న అయితే దీనికి టెన్షన్ పడొద్దు. ఎన్ని రెట్లు పెరిగిందో అంకెల్లో రాస్తున్నారా, అయితే వేరే ఎపిటోప్ ఉన్న క్లోన్‌తో ఒకసారి సరిచూడండి.

ఆ సరిచూడటానికి డీఓ-7 పనికిరాదు. డీఓ-1తో వచ్చిన ఫలితాన్ని డీఓ-7తో ధ్రువీకరించామని రాసినవి చూస్తుంటాం. ఒకే చోట పట్టుకునే రెండు క్లోన్లు ఒకే తప్పు రెండుసార్లు చేస్తాయి. అది రెండో సాక్ష్యం కాదు.

పీఏబీ 1801: రెండో సాక్షి

సాక్షిగా నాకు ముందు గుర్తొచ్చేది పీఏబీ 1801. ఇదీ ఎలుక మోనోక్లోనలే, ఐజీజీ1 రకం. 46 నుంచి 55 మధ్య పట్టుకుంటుంది, మనిషి పీ53కే పరిమితం. డీఓ-1 చోటుకు కొద్ది దూరమే అయినా ఆ కొద్ది దూరమే చాలా ఇస్తుంది. 20వ సీరిన్ ఫాస్ఫేట్ దీనికి అడ్డు కాదు, ఎండీఎం2 జేబు దీని కిందకు రాదు, 40 నుంచి మొదలయ్యే ఐసోఫామ్‌ కూడా దీనికి దొరుకుతుంది. డీఓ-1కి కనిపించక, 1801కి కనిపించే చిన్న బ్యాండ్ ఉంటే అది ఆ ఐసోఫామ్ కావచ్చని అనుకోవడానికి ఒక ఆధారం దొరికినట్టే. 133 నుంచి మొదలయ్యేదానికి మాత్రం ఇంకా వెనక పట్టుకునేది కావాలి.

ఆకారాన్ని చూసేవి: పీఏబీ 240, పీఏబీ 1620

ఎక్కువ గందరగోళం ఇక్కడే. పీఏబీ 240ని "మ్యూటెంట్ పీ53 యాంటీబాడీ" అని అమ్ముతారు. ఆ మాట సగమే నిజం. దీని ఎపిటోప్ 213-217 దగ్గర, డీఎన్ఏను పట్టుకునే భాగం లోపల ఉంటుంది. ప్రొటీన్ సరిగ్గా మడిచి ఉంటే ఆ ముక్క లోపలికి వెళ్లిపోతుంది, యాంటీబాడీకి అందదు. కొన్ని మ్యూటేషన్ల వల్ల మడత వదులైతే బయటపడుతుంది. కాబట్టి డిటర్జెంట్ తక్కువగా, మడత చెడకుండా తీసిన లైసేట్‌తో ఐపీ చేసినప్పుడు మాత్రమే ఇది మడత చెడిన పీ53ని వేరు చేస్తుంది.

వెస్టర్న్‌లో ఏమవుతుంది? ఎస్‌డీఎస్ వేసి, 95 డిగ్రీల దగ్గర వేడి చేసి అన్నిటి మడతా మనమే విప్పేస్తున్నాం. అప్పుడు మామూలు పీ53, మ్యూటెంట్ పీ53 రెండూ దీనికి ఒకటే. వెస్టర్న్‌లో పీఏబీ 240 బ్యాండ్ వచ్చింది కాబట్టి మా రోగి కణాల్లో మ్యూటేషన్ ఉంది అని రాస్తే అది పూర్తిగా తప్పు.

ఐపీలో కూడా ఒక మెలిక ఉంది. మ్యూటేషన్లన్నీ మడతను చెడగొట్టవు. 175వ ఆర్జినిన్ హిస్టిడిన్‌గా మారితే మడత చెడుతుంది, 240కి దొరుకుతుంది. 273వ ఆర్జినిన్ హిస్టిడిన్‌గా మారితే డీఎన్ఏను తాకే వేలు పోయినట్టే గానీ మడత చాలా వరకు బాగానే ఉంటుంది. అలాంటి మ్యూటెంట్ 240కి పెద్దగా దొరక్కపోవచ్చు. జన్యువును చదివి తెలుసుకోవాల్సిన విషయాన్ని యాంటీబాడీ మీద నెట్టకూడదు.

పీఏబీ 1620 దీనికి ఎదురు పక్షం. సరిగ్గా మడిచిన పీ53నే పట్టుకుంటుంది. వెస్టర్న్‌కి ఇది దండగ, బ్యాండే రాదు. మ్యూటెంట్ పీ53ని తిరిగి సరైన మడతలోకి తెచ్చే మందుల మీద పనిచేసేవాళ్లకు 240, 1620 జంట చాలా విలువైనది: మందుకు ముందు 240కి ఎక్కువ, మందు తర్వాత 1620కి ఎక్కువ దొరుకుతుందేమో చూస్తారు. మిగతావాళ్లు ఈ రెండింటి మీద డబ్బు పెట్టకపోయినా నష్టం లేదు.

తోక వైపు పీఏబీ 421

పీఏబీ 421 తోకలో 371-380 ప్రాంతాన్ని పట్టుకుంటుంది. మనిషికీ ఎలుకకూ పనిచేస్తుంది. కానీ ఆ తోక నిండా లైసిన్లు, వాటి మీద ఎసిటైల్, యూబిక్విటిన్ గుర్తులు, మధ్యలో సీరిన్ల మీద ఫాస్ఫేట్లు. గుర్తు చేరితే పట్టు సడలుతుంది. మొత్తం పీ53 ఎంతో కొలవడానికి ఇది నాకు నచ్చదు. బీటా, గామా ఐసోఫామ్‌లకు ఈ తోకే లేదు కాబట్టి అవీ కనిపించవు.

జెల్ షిఫ్ట్ (ప్రొటీన్ డీఎన్ఏకు అతుక్కుందా అని చూసే పద్ధతి) చేసేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. 421 తోకను పట్టుకోగానే పీ53 డీఎన్ఏకు ఇంకా బాగా అతుక్కుంటుందని 1990ల మొదట్లోనే తేలింది. చూడటానికి వేసిన యాంటీబాడీయే చూసేదాన్ని మార్చేస్తుంది. దీన్ని ప్రయోగంగా వాడుకున్నవాళ్లూ ఉన్నారు, తెలియక మోసపోయినవాళ్లూ ఉన్నారు.

మధ్యలో స్టాప్ కోడాన్ వచ్చిన కణాలకు మాత్రం తోక క్లోన్, కొస క్లోన్ రెండూ కలిపి వాడితే బాగుంటుంది. 213 దగ్గర ఆగిపోయిన ప్రొటీన్ నిలదొక్కుకుంటే డీఓ-1 పొట్టి బ్యాండ్‌గా చూపిస్తుంది, 421 ఏమీ చూపించదు.

కుందేలు వైపు

పాలీక్లోనల్స్‌కు ఒక సుగుణం ఉంది. అవి చాలా చోట్ల పట్టుకుంటాయి కాబట్టి ఒక చోట ఫాస్ఫేట్ చేరినా మిగతా చోట్ల దొరుకుతుంది. కానీ ఆ కుందేలు పోతే ఆ యాంటీబాడీ కూడా పోతుంది. మొత్తం ప్రొటీన్‌తో చేసిన ఎఫ్ఎల్-393 అనే పాలీక్లోనల్ ఒకప్పుడు చిప్‌లో, ఐపీలో చాలా ఎక్కువగా కనిపించేది. దాన్ని అమ్మిన శాంతా క్రజ్ బయోటెక్నాలజీ మీద జంతువుల సంరక్షణ విషయంలో అమెరికా వ్యవసాయ శాఖ పెట్టిన కేసు 2016లో 35 లక్షల డాలర్ల జరిమానాతో ముగిసింది. కుందేలు, మేక పాలీక్లోనల్స్ వాళ్ల కేటలాగులోంచి పోయాయి. పాత పేపర్లో ఎఫ్ఎల్-393 అని చూసి అదే కావాలని వెతక్కండి.

కొత్తగా కొనేవాళ్లకు నా ఓటు కుందేలు మోనోక్లోనల్స్‌కి, ముఖ్యంగా రీకాంబినెంట్‌గా తయారుచేసినవాటికి. 7ఎఫ్5 మనిషి పీ53కి వెస్టర్న్‌లో బాగా తెలిసిన కుందేలు క్లోన్. పారఫిన్ సెక్షన్లకు ఎస్‌పీ5 ఉంది. రీకాంబినెంట్ అంటే యాంటీబాడీ జన్యువుల వరుస తెలిసి, దాన్ని కణాల్లో పెట్టి తయారుచేయడం. యాంటీబాడీని తయారుచేసే హైబ్రిడోమా కణాలు ముసలివై మారిపోయే బాధ ఉండదు. 2018లో ఒక పెద్ద బృందం 185 హైబ్రిడోమాలను పరీక్షిస్తే దాదాపు మూడో వంతులో, 59 హైబ్రిడోమాల్లో, అనుకున్న గొలుసులతో పాటు అదనపు యాంటీబాడీ గొలుసులు కూడా దొరికాయి. మోనోక్లోనల్ అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఉన్నది ఒకటే అనుకోవడానికి లేదు. 2023లో యాంటీబాడీలను పరీక్షించే వైకారోస్ బృందం 65 ప్రొటీన్లకు చెందిన 614 యాంటీబాడీలను జన్యువు తీసేసిన కణాలతో పోల్చి చూసినప్పుడు కూడా, సగటున రీకాంబినెంట్లే ముందున్నాయి.

డీఓ-1 ఎలుకలో పుట్టినదే అయినా దానికీ రీకాంబినెంట్ రూపాలు దొరుకుతున్నాయి. పాత క్లోన్ నమ్మకం, కొత్త తయారీ నిలకడ రెండూ కావాలంటే అది మంచి మధ్యే మార్గం.

ఐపీ చేస్తే 50 దగ్గర గొడవ

పీ53 విషయంలో ఐపీ-వెస్టర్న్ ప్రత్యేకంగా ఇబ్బంది పెడుతుంది. యాంటీబాడీ బరువు గొలుసు 50 కిలోడాల్టన్ల దగ్గర వస్తుంది, పీ53 53 దగ్గర. రెండూ ఒకే మచ్చగా కలిసిపోతాయి. ఎలుక క్లోన్‌తో ఐపీ చేసి, మళ్లీ ఎలుక క్లోన్‌తోనే బ్లాట్ చేసి, యాంటీ-మౌస్ సెకండరీ (ఎలుక యాంటీబాడీని పట్టి చూపించే రెండో యాంటీబాడీ) వేస్తే కనిపించేది యాంటీబాడీయో పీ53యో దేవుడికే తెలియాలి. ఐజీజీ కంట్రోల్ లేన్‌లో కూడా అంతే నల్లగా వస్తే అనుమానించండి.

దారి సులభం. డీఓ-1 లేదా 1801తో లాగి, కుందేలు క్లోన్‌తో బ్లాట్ చేయండి. లేదంటే సిగ్నల్ ఇచ్చే ఎంజైము హెచ్ఆర్‌పీ నేరుగా అంటించిన యాంటీబాడీతో బ్లాట్ చేసి సెకండరీనే ఎత్తేయండి. తేలిక గొలుసును మాత్రమే పట్టుకునే సెకండరీలు కూడా ఉన్నాయి, అవి 25 దగ్గరే కనిపిస్తాయి కాబట్టి 53 ఖాళీగా ఉంటుంది. యాంటీబాడీని పట్టి ఉంచే బీడ్స్ విషయంలో ఒక్క మాట: 1801, 240 ఐజీజీ1 రకం, ప్రొటీన్-ఏ వాటిని బలహీనంగా పట్టుకుంటుంది. ప్రొటీన్-జీ బీడ్స్ వాడండి.

చిప్‌కి డీఓ-1 మీదే ఎక్కువ నమ్మకం పెట్టవచ్చు, చాలా చిప్-సీక్ పనులు దానితోనే జరిగాయి. పీ21 జన్యువు ముందున్న పీ53 సైటును పాజిటివ్‌గా, పీ53 లేని కణాలను నెగటివ్‌గా పెట్టుకోండి. ఉత్త ఐజీజీ కంట్రోల్ కంటే ఆ పీ53 లేని కణాలే నిజం చెబుతాయి.

పారఫిన్ సెక్షన్లు

నోటి క్యాన్సర్ మన దగ్గర ఎక్కువ. అందులో తరచూ మారిపోయే జన్యువుల్లో టీపీ53 ముందుంటుంది. అందుకని మెడికల్ కాలేజీల థీసిస్‌లలో పీ53 ఐహెచ్‌సీ చాలా కనిపిస్తుంది. అక్కడ డీఓ-7 సరైన ఎంపికే. సెక్షన్‌ను సిట్రేట్‌లోనో ఈడీటీఏలోనో వేడి చేసి ఎపిటోప్‌ను బయటికి తేవాలి, ఆ మెట్టు దాటవేస్తే ఏ క్లోన్ అయినా వెలవెలబోతుంది.

క్లోన్ కంటే చదవడంలోనే తప్పులు ఎక్కువ. డీఓ-7 మామూలు పీ53నీ మ్యూటెంట్‌నీ రెండిటినీ పట్టుకుంటుంది. మ్యూటెంట్ ప్రొటీన్ త్వరగా కూలకుండా కణంలో పేరుకుపోతుంది కాబట్టి కేంద్రకాలన్నీ ముదురు గోధుమ రంగులో కనిపిస్తాయి. అక్కడక్కడా, లేతగా ముదురుగా కలిసి కనిపిస్తే అది మామూలు తీరు. మూడో తీరునే చాలామంది వదిలేస్తారు: ట్యూమర్ కణాల్లో ఒక్క కేంద్రకం కూడా రంగు ఎక్కకపోవడం. అది "నెగటివ్, అంటే నార్మల్" కాదు. స్టాప్ మ్యూటేషన్ వల్లో, జన్యువు పోవడం వల్లో ప్రొటీనే లేకపోవచ్చు. పక్కనున్న స్ట్రోమా కణాలు, లింఫోసైట్లు కాస్తయినా రంగు ఎక్కితేనే ఆ తీరును నమ్మాలి. అవీ తెల్లగా ఉంటే స్టెయినింగే ఫెయిలయినట్టు. అండాశయపు హై గ్రేడ్ సీరస్ క్యాన్సర్‌లో దాదాపు అన్ని కేసుల్లో టీపీ53 మారిపోయి ఉంటుంది కాబట్టి పాథాలజిస్టులు ఈ తీరులను అక్కడ బాగా వాడతారు.

గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ నమూనాలైతే లెక్క మారుతుంది. హెచ్‌పీవీ వైరస్ ఈ6 ప్రొటీన్ పీ53ని కూల్చేస్తుంది. జన్యువు బాగానే ఉన్నా రంగు తక్కువగా రావచ్చు.

మనిషి ట్యూమర్‌ను ఎలుకలో పెంచితే డీఓ-7 ఎలుక కణాలను వదిలేసి మనిషి కణాలనే చూపించడం ఒక లాభం. కానీ అది ఎలుక యాంటీబాడీ, కణజాలంలో ఎలుక ఐజీజీ ఉంటుంది, యాంటీ-మౌస్ సెకండరీ అన్నిచోట్లా అతుక్కుంటుంది. అక్కడ ఎస్‌పీ5 లాంటి కుందేలు క్లోన్ తీసుకుంటే తలనొప్పి ఉండదు. ఇంకొక మాట, "రీసెర్చ్ వాడకానికి మాత్రమే" అని రాసి ఉన్న వయల్‌తో రోగికి రిపోర్టు ఇవ్వకూడదు. దానికి డయాగ్నస్టిక్‌గా అనుమతి ఉన్నదే వాడాలి.

ఏ క్లోన్ కొన్నా తప్పని కంట్రోల్ కణాలు

పీ53కి ఒక అదృష్టం ఉంది, అది లేని మనిషి కణాలు ఊరికే దొరుకుతాయి. హెచ్1299, సావోస్-2 రెండింటిలోనూ పీ53 లేదు. అన్నిటికంటే మంచి జంట హెచ్‌సీటీ116, దాని నుంచి పీ53 జన్యువును తీసేసి 1998లో చేసిన కణాలు. మిగతాదంతా ఒకటే, పీ53 మాత్రమే తేడా. ఆ రెండింటినీ నట్లిన్-3తో, నట్లిన్ లేకుండా నాలుగు లేన్లలో వేస్తే యాంటీబాడీ గుట్టు మొత్తం తెలిసిపోతుంది. నట్లిన్ ఎండీఎం2ను పక్కకు తోసి, డీఎన్ఏను దెబ్బ తీయకుండానే పీ53ని పెంచుతుంది. అందుకని డీఓ-1కి 20వ సీరిన్ గొడవ కూడా తగ్గుతుంది.

మామూలు కణాల్లో పీ53 నిమిషాల్లోనే కూలిపోతుంది. మందు ఇవ్వని ఎంసీఎఫ్-7లో, యూ2ఓఎస్‌లో బ్యాండ్ లేతగా ఉంటే అది సహజమే. ఏ431, ఎస్‌కే-బీఆర్-3 లాంటి మ్యూటెంట్ కణాల్లో మందు లేకుండానే నల్లగా వస్తుంది. హీలా కణాలను పాజిటివ్ కంట్రోల్‌గా పెట్టకండి, వాటిలో హెచ్‌పీవీ18 ఈ6 ఉంది. హెచ్‌ఈకే293టీలో ఎస్‌వీ40 లార్జ్ టీ ప్రొటీన్ పీ53ని పట్టి నిలబెడుతుంది కాబట్టి బ్యాండ్ గట్టిగా వస్తుంది, కానీ మందుకు పెరుగుదల చూడటానికి అవి పనికిరావు.

ఇమ్యునోఫ్లోరోసెన్స్‌కి ఒక చక్కని పద్ధతి: పీ53 ఉన్న కణాలు, లేని కణాలు వేరు వేరు రంగు డైలతో గుర్తుపెట్టి ఒకే కవర్‌స్లిప్ మీద కలిపి పెంచడం. ఒకే ఫీల్డులో ఒకటి వెలిగి పక్కది చీకటిగా ఉంటే ఎక్స్‌పోజర్ మీద వాదన రాదు.

ఫాస్ఫో యాంటీబాడీలు

15వ సీరిన్ మీది ఫాస్ఫేట్‌ను చూసే యాంటీబాడీలు వేరే తరగతి. డీఎన్ఏ దెబ్బను కనిపెట్టే కైనేజులు ఏటీఎం, ఏటీఆర్ పనిచేస్తున్నాయా అన్నదానికి సూచన అవి. మొత్తం పీ53 బ్లాట్ లేకుండా ఒక్క ఫాస్ఫో బ్లాట్ చూపిస్తే దానికి అర్థం లేదు, పెరిగింది ఫాస్ఫేటా ప్రొటీనా తెలియదు. ఫాస్ఫోకి కుందేలు, మొత్తానికి ఎలుక క్లోన్ తీసుకుని రెండు రంగుల్లో ఒకే పొర మీద చూస్తే స్ట్రిప్ చేసే పని తప్పుతుంది. బ్లాకింగ్‌కి పాలపొడి కాకుండా బీఎస్ఏ (ఆవు అల్బుమిన్) వాడండి, పాలలోని కేసీన్ మీదే ఫాస్ఫేట్లు ఉంటాయి.

కొనేటప్పుడు

డీఓ-1ను చాలా కంపెనీలు అమ్ముతాయి. క్లోన్ ఒకటే అయినా సీసాలోనిది ఒకటే కాదు. గాఢత వేరు, బఫర్ వేరు. ఒకరి 1:1000 ఇంకొకరికి 1:5000 కావచ్చు, అందుకే పేపర్లో డైల్యూషన్ చూసి కాపీ కొట్టకుండా మిల్లీలీటరుకు ఎన్ని మైక్రోగ్రాములో చూడండి. మీరే ఫ్లోరోసెంట్ డై అంటించాలనుకుంటే బీఎస్ఏ, ట్రిస్, అజైడ్ లేనిది అడగండి. హెచ్ఆర్‌పీ అంటించేదాంట్లో అజైడ్ ఉంటే ఎంజైము మూగబోతుంది.

హైదరాబాదులో గానీ వైజాగ్‌లో గానీ డీలరు ద్వారా తెప్పించుకుంటే వారాలు పడుతుంది. మార్చి 31 లోపు గ్రాంటు ఖర్చు చేయాలని పెద్ద సీసా ఆర్డర్ పెట్టేయడం మన దగ్గర మామూలే. అలా కాకుండా ముందు చిన్న ట్రయల్ సైజు ఉందేమో అడగండి, హెచ్1299 లేన్‌తో ఒక బ్లాట్ చేసి చూసి, ఆ తర్వాత అదే లాట్ నంబరు పెద్దది తెప్పించండి. వేసవిలో అయితే పార్శిల్ తెరిచిన వెంటనే ఐస్ ప్యాక్ ఇంకా చల్లగా ఉందో లేదో చూసి, కరిగి వేడెక్కి ఉంటే ఫోటో తీసి అప్పుడే డీలరుకు పంపండి. అందుకున్నాక చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచి పెట్టుకోండి. గ్లిసరాల్ ఉన్నదాన్ని మైనస్ 20లో పెట్టవచ్చు, కానీ తనంతట తాను మంచు కరిగించుకునే ఫ్రీజర్‌లో వద్దు.

రెండు సీసాలకు డబ్బు ఉంటే డీఓ-1 ఒకటి, కుందేలు మోనోక్లోనల్ ఒకటి తీసుకోండి. ఆ రెండోది 20-25 చోటుకు దూరంగా పట్టుకునేదై ఉండాలి. డేటాషీట్‌లో ఎపిటోప్ లేదా ఇమ్యూనోజెన్ నంబర్లు రాయకపోతే కంపెనీ టెక్నికల్ సపోర్టుకు మెయిల్ పెట్టి అడగండి, అప్పటికీ చెప్పకపోతే ఆ సీసా వదిలేసి 1801 తీసుకోండి. పేపర్ రాసేటప్పుడు క్లోన్ పేరు, లాట్ నంబరు, ఆర్ఆర్ఐడీ (యాంటీబాడీకి ఇచ్చే గుర్తింపు నంబరు) మూడూ రాయాలి కాబట్టి సీసా ఖాళీ అయినా లేబుల్ పారేయకండి.